లిమా నుంచి గోదావరి దాకా: సిలువ మీది ఏడు మాటలు

గుడ్ ఫ్రైడే నాడు బొగ్గు గనుల ఊరైన మణుగూరులో ఎండ నెత్తి మీదికొచ్చే వేళకు చర్చిల్లో ఆరాధన మొదలవుతుంది. పన్నెండుకు మొదలై మూడింటికి ముగుస్తుంది. ఆ మూడు గంటల్లో ఏడు ప్రసంగాలుంటాయి. యేసు సిలువ మీద వేలాడుతూ పలికిన ఏడు మాటలను ఏడుగురు పంచుకుని, ఒక్కొక్కరు ఒక్కో మాట మీద చెబుతారు. ఎవరికి ఏ మాటో ముందే నిర్ణయమైపోతుంది, కరపత్రంలో పేర్లు అచ్చవుతాయి. సీఎస్ఐ, లూథరన్, బాప్టిస్టు సంఘాలన్నిటా ఇదే పద్ధతి. లెంటు దినాలు, భస్మ బుధవారం లాంటివి పెద్దగా పట్టించుకోని పెంతెకోస్తు, స్వతంత్ర సంఘాలు కూడా ఈ ఒక్క ఆచారాన్ని వదిలిపెట్టవు. తెలుగు క్రైస్తవులకు గుడ్ ఫ్రైడే అంటే ఏడు మాటలే.

ఇంతగా మనదైపోయిన ఈ ఆరాధన పుట్టింది దక్షిణ అమెరికాలో, ఒక భూకంపం తర్వాత.

1687 అక్టోబరు 20న పెరూలోని లిమా నగరాన్ని భూకంపం కూల్చేసింది. పక్కనే ఉన్న కల్యావో రేవును సముద్రం ముంచెత్తింది. ఆ రోజుల్లో లిమాలో అలోన్సో మెస్సియా బెదోయా అనే యేసు సభ గురువు ఉండేవారు. పెరూలోనే పుట్టినవారు. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం మూడు గంటలపాటు జనాన్ని కూర్చోబెట్టి, ఒక్కో మాట చదివి, దాని మీద ధ్యానం చెప్పి, మోకాళ్లూని ప్రార్థన చేయించి, పాట పాడించి, తర్వాతి మాటకు వెళ్లే క్రమాన్ని ఆయనే ఏర్పరచారు. దాన్ని ఒక చిన్న పుస్తకంగానూ రాశారు. ఆయన 1732లో చనిపోయారు. ఆ పుస్తకం ఓడలెక్కి స్పెయిన్‌కు, అక్కడినుంచి ఇటలీకి చేరింది. 1788 నాటికి రోములో యేసు సభవారి పెద్ద చర్చిలోనే ఈ ఆరాధన జరుగుతోంది. గోడలు కూలిన ఊళ్లో, ఇంటికొకరిని పోగొట్టుకున్న జనం మధ్య వేళ్లూనిన ధ్యానం ఇది. దానికి ఇంత ఆయుష్షు ఉండటానికి అదే కారణమని నా నమ్మకం.

అయితే మెస్సియా దీన్ని శూన్యంలోంచి తీయలేదు. ఆ మూడు గంటలూ సువార్తల్లోవే. మధ్యాహ్నం నుంచి మూడింటి దాకా దేశమంతా చీకటి కమ్మిందని మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ రాశారు. నాలుగో శతాబ్దం చివర ఎగేరియా అనే యాత్రికురాలు యెరూషలేము వెళ్లి, అక్కడి పండుగలన్నీ చూసి రాసిపెట్టుకుంది. గుడ్ ఫ్రైడే నాడు సిలువ నిలిచిన చోట జనం గుమిగూడి, పన్నెండు నుంచి మూడు దాకా లేఖనాలు చదువుతుంటే వింటారనీ, ఏడవనివాళ్లే ఉండరనీ ఆమె రాసింది. మాటలు ఏడన్న లెక్క మాత్రం ఏ ఒక్క సువార్తలోనూ లేదు. లూకా మూడు మాటలు చెబుతాడు, యోహాను వేరే మూడు చెబుతాడు. మత్తయి, మార్కు ఇద్దరూ చెప్పేది ఒక్కటే, అది మిగతా ఇద్దరిలో లేదు. నాలుగు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి, వరస కూర్చి, ఏడుగా లెక్కగట్టింది తర్వాతి తరాలవాళ్లు. మెస్సియా కంటే ముందే, 1618లో, కార్డినల్ బెల్లార్మీను ఈ ఏడింటి మీద ఒక పుస్తకమే రాశారు.

స్పెయిన్‌లోని కాదిజ్ నగరంలో ఈ ఆరాధన ఎలా జరిగేదో సంగీతకర్త హైడన్ చెప్పారు. గోడలకు, కిటికీలకు, స్తంభాలకు నల్లగుడ్డ కప్పేవారు. మధ్యలో ఒకే ఒక్క పెద్ద దీపం వేలాడేది. మిట్టమధ్యాహ్నం తలుపులు మూసేవారు. బిషప్ ఒక మాట పలికి, వివరించి, దిగొచ్చి బలిపీఠం ముందు మోకరించేవారు. ఆయన మోకరించి ఉన్నంతసేపూ సంగీతం వినిపించాలి. ఆ సంగీతం కట్టమని 1786 ప్రాంతంలో హైడన్‌ను అడిగారు. ఒకదాని వెంట ఒకటి ఏడు నెమ్మదైన రచనలు, ఒక్కోటీ పది నిమిషాలు, వినేవాళ్లు అలసిపోకుండా కట్టడం తేలికైన పని కాదని ఆయనే రాసుకున్నారు. చివర ఒక భూకంపాన్ని చేర్చారు. యేసు ప్రాణం విడిచినప్పుడు భూమి వణికిందని మత్తయి సువార్తలో ఉంది కాబట్టి అది అక్కడ ఉండాల్సిందే. లిమా కథ తెలిసినవాళ్లకు ఆ చివరి మోత ఇంకో రకంగా కూడా వినిపిస్తుంది.

పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు ఆంగ్లికన్లు దీన్ని తీసుకున్నారు. ప్రసంగాన్ని ప్రాణంగా చూసుకునే ప్రొటెస్టెంటు సంఘాలకు ఇది సరిగ్గా అమరింది. విగ్రహం అక్కర్లేదు, ఊరేగింపు అక్కర్లేదు. వాక్యం, పాట, ప్రార్థన ఉంటే చాలు. కతోలికులకు ఆ రోజున వేరే ఆచారం బలంగా ఉంది. అది సిలువ మార్గం. పద్నాలుగు స్థలాల దగ్గర ఆగుతూ, భుజాన సిలువ మోసుకుంటూ నడవడం. ఖమ్మం మేత్రాసనం చర్చిల్లో గుడ్ ఫ్రైడే నాడు కనిపించేది అదే. ఒకరిది నడక, ఒకరిది వినికిడి. ధ్యానం మాత్రం ఒకే మరణం మీద.

ఆ మరణానికి అర్థమేమిటన్న ప్రశ్న ఏడు మాటల కన్నా చాలా పాతది. యూదులకు బలి కొత్త కాదు. పస్కా పండుగకు గొర్రెపిల్లను వధించేవారు. ఏటా ప్రాయశ్చిత్త దినాన రెండు మేకలు తెచ్చి, ఒకదాన్ని వధించి, రెండోదాని తల మీద చేతులుంచి జనుల పాపాలన్నీ ఒప్పుకుని, దాన్ని అడవిలోకి వదిలేసేవారు. యేసు చనిపోయింది పస్కా గొర్రెలను కోసే వేళకేనని యోహాను సువార్త లెక్క. హెబ్రీయులకు రాసిన పత్రిక ఇంకో అడుగు వేసి, ఏటేటా జరిగే బలుల పని ఈ ఒక్క బలితో తీరిపోయిందని వాదించింది. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చాక అక్కడ బలులే ఆగిపోయాయి.

రోమన్లకు మాత్రం ఇదంతా వెర్రిగా తోచింది. సిలువంటే బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే శిక్ష. రోములోని పాలటైన్ కొండ మీద ఒక గోడకు గీకిన బొమ్మ దొరికింది. క్రీ.శ. 200 ప్రాంతానిదంటారు. గాడిద తల ఉన్న మనిషి సిలువ మీద ఉన్నాడు, కింద ఒకడు చెయ్యెత్తి మొక్కుతున్నాడు, అలెక్సామెనోస్ తన దేవుణ్ని పూజిస్తున్నాడని పక్కన రాత. క్రైస్తవులు తమంతట తాము సిలువ వేసిన దృశ్యాన్ని చెక్కుకోవడానికి చాలాకాలం పట్టింది. రోములోని సాంతా సబీనా చర్చి తలుపు మీద చెక్కినది, సుమారు 430 నాటిది, మనకు మిగిలిన తొలి బొమ్మల్లో ఒకటి.

అర్థం దగ్గర కూడా అందరిదీ ఒకే మాట కాలేదు. మనుషులు సైతానుకు బందీలయ్యారు, వాళ్లను విడిపించడానికి చెల్లించిన విమోచన క్రయధనం ఈ మరణం అని తొలి శతాబ్దాల పండితులు చాలామంది చెప్పారు. 1098 ప్రాంతంలో ఆన్సెల్మ్ అనే వేదాంతి దీన్ని కాదన్నారు. సైతానుకు దేవుడు బాకీ పడటమేమిటి, బాకీ మనిషిది, దేవుని ఘనతకు మనిషి చేసిన లోటు అది, దాన్ని పూడ్చాల్సింది మనిషి, పూడ్చగలిగింది దేవుడు, అందుకే దేవుడే మనిషయ్యాడు అని వాదించారు. ఆయన తర్వాతి తరంలో అబెలార్డ్ అనే పండితుడు, సిలువలో కనిపించే దేవుని ప్రేమను చూసి మన గుండె మారడంలోనే రక్షణ ఉందన్నారు. సంస్కర్తలు లూథర్, కాల్విన్‌ల నాటికి న్యాయస్థానం భాష వచ్చింది. మనకు పడాల్సిన శిక్ష ఆయన మీద పడింది. మన ఊళ్లలో నూటికి తొంభై ప్రసంగాలు ఈ చివరి దారిలోనే నడుస్తాయి. అందులో సత్యం ఉంది. కానీ కొందరు బోధకులు ఆవేశంలో, కోపంతో ఊగిపోతున్న తండ్రి కసి తీర్చుకోవడానికి కొడుకును చంపినట్టు చెబుతారు. అది క్రైస్తవ విశ్వాసం కాదు. తండ్రి పంపాడు, కుమారుడు ఇష్టపడి వచ్చాడు, ఇద్దరి చిత్తమూ ఒక్కటే అన్నది సంఘం మొదటినుంచీ పట్టుకున్న మాట. పైగా సిలువ మీది మొదటి మాటే, మేకులు కొట్టినవాళ్లను క్షమించమని తండ్రిని అడగడం. అలా అడగగలిగింది ఆ తండ్రి మనసు తెలిసినవాడు కాబట్టే.

మణుగూరు చుట్టుపక్కల బలి అంటే ఏమిటో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఇక్కడి కోయ గూడేల్లో కొలుపులకు కోడినో మేకనో కోస్తారు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు ఈ ప్రాంతం నుంచి బెల్లం, మేకపోతులు మోసుకుని వెళతారు. మొక్కుకున్నది చెల్లించకపోతే మనసు నిలవదు. అందుకే ఇక్కడ పెరిగిన బోధకుడు బలిని వివరించడానికి కష్టపడడు. ఆయన చెప్పాల్సింది ఒక్కటే. ఇక్కడ మనిషి దేవుడికి ఇవ్వడం లేదు, దేవుడే తన్ను తాను ఇచ్చుకున్నాడు. వినేవాడికి అది ఆశ్చర్యంగా ఉంటుంది, ఉండాలి కూడా.

ఈ కబురు ఇక్కడి గోదావరి ఒడ్డుకు చేరింది నీళ్ల పని మీద వచ్చినవాళ్లతో. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్, ఆ నదిలో ఎగువ దాకా పడవలు నడిపించాలని తలపెట్టారు. రాళ్లు అడ్డంగా ఉన్న చోట ఆనకట్ట, పక్కన పడవల కాలువ కట్టాలి. భద్రాచలానికి ఎగువన, ఎడమ గట్టున ఉన్న దుమ్ముగూడెం అలాంటి చోటు. అక్కడి పనులు చూసిన ఇంజనీరు హేగ్ భక్తిపరుడు. ఆయన పట్టుదలతో చర్చి మిషనరీ సొసైటీ 1860ల్లో కోయల మధ్య పని మొదలుపెట్టింది. ఆ పనుల్లోనే ఉద్యోగం చేస్తూ క్రైస్తవుడైన వెంకటరామరాజు తర్వాత అక్కడే పాదిరి అయ్యారు. ప్రభుత్వం 1871లో పడవల పథకాన్ని ఆపేసింది. మిషను మాత్రం ఆగలేదు. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ ఏళ్ల తరబడి అక్కడే ఉండి, భద్రాచలం, రేకపల్లి తాలూకాల కోయల గురించి వ్యాసాలు రాశారు. ఈ ఒడ్డున అశ్వాపురం, ఆ ఒడ్డున దుమ్ముగూడెం, ఇంకాస్త ఎగువన సీతమ్మను ఎత్తుకుపోయారని చెప్పే పర్ణశాల. ఇన్ని నమ్మకాలు ఇంత దగ్గర దగ్గరగా ఉన్న చోటు మన రాష్ట్రంలో అరుదు.

1909లో తిరునెల్వేలి నుంచి డోర్నకల్ వచ్చిన అజరయ్య, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. గుడి గోపురాన్నీ మసీదు గుమ్మటాన్నీ కలిపినట్టుండే డోర్నకల్ కెథడ్రల్‌ను ఆయన 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. తెలుగు కీర్తనలు, పల్లెలకు తగిన పండుగలు సంఘంలో పాదుకోవాలని ఆయన పట్టుబట్టారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడి, ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇతరులు ఒక్కటయ్యాక ఒకరి ఆచారం మరొకరికి పాకడానికి దారి ఇంకా సుగమమైంది. తర్వాత మణుగూరుకు బొగ్గు గనులు వచ్చాయి. కొత్తగూడెం, ఇల్లందు నుంచి, కోస్తా జిల్లాల నుంచి వచ్చిన కార్మికులు తమతోపాటు తమ తమ సంఘాలనూ తెచ్చుకున్నారు. అశ్వాపురంలో భారజల కర్మాగారం వచ్చాక ఇంకొందరు చేరారు.

గని ఊళ్లో ఏడు మాటల ఆరాధనకు ఒక చిక్కుంది. ఫస్ట్ షిఫ్ట్ ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం మూడు దాకా. సెకండ్ షిఫ్ట్ మూడింటికే మొదలు. డ్యూటీ మార్చుకోలేని ఫస్ట్ షిఫ్ట్ మనిషి గని నుంచి వచ్చేసరికి ఆరాధన ముగిసిపోతుంది. సెకండ్ షిఫ్ట్ మనిషి అయిదో మాట దగ్గరే లేవాలి. నైట్ షిఫ్ట్ దిగినవాళ్లు నిద్ర ఆపుకుంటూ, ఉపవాసంతో కూర్చుంటారు. దాహమేస్తోందని యేసు చెప్పిన ఆ అయిదో మాట వచ్చే సమయానికి రెండు దాటుతుంది. బయట వడగాడ్పు, లోపల ఫ్యాన్లు తిప్పుతున్నది వేడి గాలినే. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టనివాళ్లు ఎందరో ఉంటారు. ఆ మాటకు ఈ ఊళ్లో పెద్ద వ్యాఖ్యానం అవసరం లేదు.

ఎవరికి ఏ మాట అన్నది చాలా చోట్ల ఇలా పడుతుంది. తల్లిని శిష్యుడికి అప్పగించిన మూడో మాట స్త్రీల సమాజంలో ఒకరికి. కలిసి వేలాడుతున్న దొంగకు పరదైసు మాట ఇచ్చిన రెండో మాట యువకుల్లో ఒకరికి. అంతా పూర్తయిందన్న ఆరోది అయ్యగారికి. దేవుడు తనను ఎందుకు విడిచేశాడని అరిచిన నాలుగో మాట సంఘంలో వయసు మళ్లినవారికి, కొడుకునో భార్యనో మట్టిలో పెట్టివచ్చినవారికి ఇస్తే బాగుంటుంది. చదువుకున్నవాళ్లు ఆ మాటను చిక్కుముడి విప్పినట్టు విప్పుతారు. కష్టం చూసినవాళ్లు విప్పరు, దాని దగ్గర ఆగుతారు. ఏడాదంతా మైకు ముట్టని మామూలు మనుషులు ఆ ఒక్క రోజు బలి అర్థాన్ని తమ నోటితో చెప్పడం, ఆన్సెల్మ్ పేరు వినని ఆడమనిషి కన్నీళ్లతో కొడుకు బాధ్యత గురించి మాట్లాడటం, మెస్సియా పెట్టిన క్రమానికి మనవాళ్లు చేర్చిన గొప్ప చేర్పు. ఆయన క్రమంలో మాట్లాడేది ఒక్క గురువే.

ఈ ఏడు మాటలూ కోయలకు తమ భాషలో ఒకేసారి అందలేదు. కోయ భాషలోకి లూకా సువార్త పంతొమ్మిదో శతాబ్దం చివర వచ్చింది. కోయ భాషలో అచ్చయిన తొలి లేఖన భాగాల్లో అది ఒకటి. ఏడు మాటల్లో లూకా సువార్తలో ఉన్నవి మూడే: హంతకులకు క్షమాపణ అడగడం, దొంగకు పరదైసు మాటివ్వడం, ప్రాణాన్ని తండ్రి చేతుల్లో పెట్టడం. దేవుడు విడిచేశాడన్న కేక అందులో లేదు, దాహమూ లేదు. ఆ పుస్తకం చదివినవారికి తమ భాషలో మొదట అందిన క్రీస్తు మరణం ఆ మూడు మాటల మరణం. మిగతా నాలుగూ కావాలంటే వాళ్లు తెలుగు బైబిలు తెరవాల్సి వచ్చేది.