తూటా తొడుగు – ప్రైమర్: పునర్వినియోగ చరిత్ర, ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

తెలుగు వాడుకలో ‘తూటా’ అనే మాట రెండు అర్థాల్లో వినిపిస్తుంది. తుపాకీ నుంచి దూసుకుపోయే గుండునూ తూటా అంటారు. గుండు, మందు, వాటిని పట్టి ఉంచే తొడుగు కలిసిన మొత్తాన్నీ తూటా అంటారు. పేల్చినప్పుడు గుండు వెళ్లిపోతుంది, మందు మండిపోతుంది, తొడుగు మిగులుతుంది. దానిని మళ్లీ నింపి వాడుకోవడం రెండు అంశాలపై ఆధారపడి ఉంది. ఒకటి, వ్యాకోచించిన తొడుగును తిరిగి సరైన కొలతకు తేవడం. రెండు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్‌ను మార్చడం. ఈ రెండింటి చారిత్రక పరిణామాన్ని, తూటా తయారీపై అధికారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నతో కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కాగితం నుంచి లోహానికి:

1857 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా ఒక కాగితపు పొట్లం. సిపాయి దాని కొసను పంటితో చించి, మందును గొట్టంలో పోసి, గుండును ఇనుప చువ్వతో దట్టించేవాడు. ఆ కాగితానికి పూసిన కొవ్వు ఆవుదో పందిదో అన్న అనుమానం కలకత్తా సమీపంలోని డమ్‌డమ్‌లో పుట్టి, తిరుగుబాటుకు తక్షణ కారణాల్లో ఒకటైంది. నిప్పు పుట్టించే రాగి టోపీ అప్పటికి తూటాలో భాగం కాదు. దానిని తుపాకీకి విడిగా తొడిగేవారు. 1800లో ఎడ్వర్డ్ హోవర్డ్ వివరించిన పాదరస ఫల్మినేట్, దెబ్బ తగిలితే పేలే మిశ్రమాలతో తుపాకీని పేల్చేందుకు 1807లో స్కాట్లాండ్ మతబోధకుడు అలెగ్జాండర్ ఫోర్సైత్ పొందిన పేటెంటు ఈ టోపీకి దారి వేశాయి. టోపీ ఒక్కటి దొరికితే చాలు, మిగిలినదంతా వేటగాడు ఇంట్లోనే చేసుకోగలిగిన కాలమది.

లోహపు తూటా రావడంతో టోపీ తొడుగు అడుగులోకి చేరింది. దానితో తూటా పూర్తిగా కర్మాగారపు వస్తువైంది.

3. బాక్సర్, బెర్డాన్ పద్ధతులు:

1860ల మధ్యకాలంలో ఇంగ్లండులో ఎడ్వర్డ్ బాక్సర్, అమెరికాలో హైరమ్ బెర్డాన్ వేర్వేరుగా రెండు పద్ధతులను రూపొందించారు. దెబ్బ తగిలినప్పుడు పేలుడు మిశ్రమం నలగడానికి దాని వెనుక ఒక దాగలి కావాలి. బాక్సర్ పద్ధతిలో ఆ దాగలి ప్రైమర్‌లోనే ఉంటుంది. తొడుగు అడుగున నడిమధ్య ఒకే రంధ్రం ఉంటుంది. బెర్డాన్ పద్ధతిలో దాగలి తొడుగులో భాగం. నిప్పు దాని పక్కనున్న రంధ్రాల గుండా పోతుంది, సాధారణంగా ఇవి రెండు.

ఈ చిన్న భేదం పునర్వినియోగాన్ని నిర్ణయించింది. బాక్సర్ తొడుగులో మూతి గుండా ఒక సూదిని దింపితే పాత ప్రైమర్ ఊడిపోతుంది. బెర్డాన్ తొడుగులో ఆ సూదికి దాగలి అడ్డు తగులుతుంది. ప్రైమర్‌ను వెలుపలి నుంచి పెకలించాలి, లేదా నీటి ఒత్తిడితో తోయాలి. విచిత్రమేమిటంటే ఆంగ్లేయుని పద్ధతి అమెరికాలో స్థిరపడింది. అమెరికన్ పద్ధతి ఐరోపా సైన్యాల్లో వ్యాపించింది. తొడుగులను తిరిగి నింపుకొనే అలవాటు అమెరికా పౌరుల్లో వేళ్లూనడానికి ఇదొక కారణం.

4. కొలత సమస్య:

తొడుగుకు వాడే ఇత్తడిలో సుమారు 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. పేలినప్పుడు తొడుగు ఉబ్బి గది గోడకు అతుక్కొని, వాయువు వెనక్కి రాకుండా ఆపుతుంది. తరువాత కొద్దిగా ముడుచుకుంటుంది. ఈ స్వభావం లోపిస్తే ప్రమాదమే. పలుచని ఇత్తడి రేకును చుట్టి చేసిన తొలి బ్రిటిష్ తొడుగులు 1885లో సూడాన్‌లోని అబూ క్లియా యుద్ధంలో మార్టినీ–హెన్రీ రైఫిళ్లలో ఇరుక్కుపోయాయి. తరువాత ఒకే లోహపు బిళ్లను సాగదీసి చేసిన గట్టి తొడుగులు వాటి స్థానాన్ని ఆక్రమించాయి. నమ్మకంగా తిరిగి నింపదగిన తొడుగు ఇదే.

అయితే పేలిన తొడుగు మొదటి కొలతకు పూర్తిగా రాదు. దానిని ఉక్కు అచ్చులోకి నొక్కి సరిచేయాలి. తక్కువ నొక్కితే మరొక తుపాకీలో పట్టదు. అతిగా నొక్కితే ప్రతి పేల్పుకూ సాగి, అడుగు దగ్గర గోడ పలుచబడి చివరకు రెండుగా తెగుతుంది. పదేపదే నొక్కిన ఇత్తడి పెళుసెక్కుతుంది. మెడ భాగాన్ని కాచి మెత్తబరచకపోతే పగులుతుంది.

5. ప్రైమర్ రసాయనం:

నల్లమందు కాలంలో ప్రైమర్‌లోని పాదరసం దట్టమైన మసిలో చాలావరకు కలిసిపోయేది. 1880ల చివర పొగలేని మందు వచ్చాక ఆ మసి తగ్గింది. పాదరసం నేరుగా ఇత్తడిలో కలిసి తొడుగును పెళుసుబార్చింది. అందుకు బదులుగా వచ్చిన క్లోరేటు మిశ్రమాలు తొడుగును కాపాడాయి గానీ, వాటి నుంచి మిగిలే లవణం తేమను పీల్చి గొట్టాన్ని తుప్పు పట్టించింది. 20వ శతాబ్దంలో సీసపు స్టిఫ్నేట్ మిశ్రమాలు ఈ రెండు చిక్కులనూ తొలగించాయి. ప్రైమర్ల శక్తి ఒకే తీరుగా ఉండదు కనుక, ప్రైమర్‌ను మార్చితే పీడనమూ మారవచ్చునన్నది ఈ విద్యలో ప్రాథమిక పాఠం.

6. భారతదేశ సందర్భం:

ఈ చరిత్రలో భారతదేశపు వర్షాకాలానికీ స్థానముంది. గుర్రపుశాలల్లో నిల్వ చేసిన సైనిక తూటాల ఇత్తడి తొడుగులు వానాకాలంలో వాటంతటవే పగిలేవి. తయారీలో లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి, గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా కలిసి ఈ పగుళ్లకు కారణమని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ వివరించారు. ‘సీజన్ క్రాకింగ్’ అనే లోహశాస్త్ర పదం ఈ పగుళ్లకు స్థిరపడింది.

రాజకీయంగా చూస్తే, 1878 నాటి ఆయుధ చట్టం తుపాకులతో పాటు మందుగుండునూ లైసెన్సు పరిధిలోకి తెచ్చింది. 1922 ఆగస్టు 22 నుంచి 24 వరకు అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి తుపాకులతో పాటు తూటాలనూ పట్టుకుపోవడాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. నాటు తుపాకీకి మందు నూరుకోవచ్చు, గుండు పోసుకోవచ్చు. లోహపు తూటాకు కావలసిన ఇత్తడి తొడుగు, ప్రైమర్ అడవిలో తయారయ్యేవి కావు. చేజిక్కిన తూటాలు అయిపోతే రైఫిలు చేతికర్రతో సమానం.

7. ముగింపు:

కాగితపు తూటా పోయాక తయారీ అధికారం కర్మాగారానికి దక్కింది. తొడుగును తిరిగి కొలతకు తెచ్చే విద్య అందులో కొంత భాగాన్ని వాడుకరికి తిరిగి ఇచ్చింది. కానీ ప్రైమర్ మాత్రం కర్మాగారం చేతిలోనే మిగిలింది. పునర్వినియోగం ఎంత విస్తరించినా, నిప్పురవ్వ ఎవరి అధీనంలో ఉందో తూటాపై అధికారమూ వారిదేనని ఈ పరిశీలన వల్ల తెలుస్తున్నది.