అనంతగిరి సీమలో ఉమ్మడి ప్రింటరు చరిత్ర

అనంతపద్మనాభస్వామి కొలువైన కొండలలో పుట్టి, భాగ్యనగరము నడుమ ప్రవహించి, తుదకు కృష్ణవేణిలో లీనమగు మూసీనది వలన అనంతగిరి లోకప్రసిద్ధమైనది. ఆ కొండలకు చేరువనున్న వికారాబాదునకు మాత్రము ప్రాముఖ్యము తెచ్చినది రైలుమార్గము. 1874లో వాడి నుండి తాండూరు, వికారాబాదుల మీదుగా సికింద్రాబాదు వరకు పొగబండి నడచుటతో, పాయిగా ప్రభువును, తరువాతి కాలమున నిజాము రాజ్యమునకు దివానును అయిన వికారుల్ ఉమ్రా పేరు వహించిన ఈ యూరు క్రమముగా కూడలియై వర్ధిల్లెను. తాండూరు నాపరాతి గనులకును, 2022లో భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన కందికిని పేరుగాంచినది. రాయి గాని, కంది గాని, పొలము గాని ఒకరి చేతినుండి మరియొకరి చేతికి మారునప్పుడెల్ల ఒక కాగితము పుట్టక తప్పదు. ఆ కాగితము ఏ చేతులమీదుగా, ఏ యంత్రములమీదుగా మన కాలమునకు వచ్చి చేరినదో, ఆ ప్రయాణమున ఎచ్చటెచ్చట చిక్కువడినదో తెలిసికొనుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

నిజాము పాలనలో కచేరీ భాష ఉర్దూ; గ్రామములో పహాణీ యను భూమి లెక్క వ్రాయు కలము పట్వారీది. 1984లో పటేలు, పట్వారీ వ్యవస్థ రద్దగు వరకు భూమికి సంబంధించిన వ్రాత యంతయు ఇంచుమించు ఆ కలము చెప్పుచేతలలోనే యుండెను. పట్టణములలో దస్తావేజు లేఖరి ప్రక్కన టైపు మిషను చేరెను; కార్బను కాగితము పెట్టి ఒక్క దెబ్బతో మూడు ప్రతులు తీయుటయే నాడు గొప్ప నేర్పు. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున రిజిస్ట్రేషను కార్యాలయములు ‘కార్డ్’ పథకము క్రింద కంప్యూటరీకరణమునకు లోనైనవి. 2011 నవంబరులో పౌరసేవలకై మీసేవ వచ్చినది. 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లాకేంద్రమైనది. 2020 అక్టోబరు 29న ధరణి యను భూరికార్డుల పోర్టలు ఆరంభమై, వ్యవసాయభూముల రిజిస్ట్రేషను తహసీలు కార్యాలయములకు మారినది. 2025లో దాని స్థానమున భూభారతి వచ్చినది. ఇట్లు ఒక్కొక్క మార్పుతో కలము పని కొంత ప్రింటరు పనిగా మారుచు వచ్చినది.

ఈ కార్యాలయముల యెదుట వెలసిన డీటీపీ దుకాణములను, జిరాక్సు సెంటర్లను చూచినవారికి ఒక దృశ్యము సుపరిచితము. ఒక మూల విండోస్ ఎక్స్‌పీతో నడచు పాత కంప్యూటరు ఉండును. పెండ్లి శుభలేఖలు, కరపత్రములు, పాత దస్తావేజుల నమూనాలు అందులోని పేజ్‌మేకరులోను, ‘అను’ ఫాంట్లలోను ఉన్నందున దానిని వదలుటకు యజమానికి మనసొప్పదు. ఆన్‌లైను దరఖాస్తులకు విండోస్ 10 గలది మరియొకటి ఉండును. ఇంజనీరింగు చదివి వచ్చిన ఇంటి కుర్రవాని లాప్‌టాపులో ఉబుంటు ఉండును. ఇన్నింటికి కలిపి ప్రింటరు ఒక్కటే. అదియు ఒకే యూఎస్‌బీ తీగతో ఒకే కంప్యూటరునకు తగిలించదగిన క్యానన్ ఎల్‌బీపీ 2900 గాని, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 గాని అయియుండును. ఒక కంప్యూటరు తన ప్రింటరును తక్కినవానికి షేరు చేయగా, అవి దాని ద్వారా అచ్చు తీసికొనవలయును. ఈ ఉమ్మడి కాపురము సాగినన్నాళ్లు ఎవరికిని పట్టదు; చెడిన దినమున మాత్రము వాకిట నిలిచిన రైతు, రిజిస్ట్రేషనునకు స్లాటు వేళ మించిపోవుచున్నదని గడియారము వంక చూచుచుండగా, దుకాణదారునకు ముచ్చెమటలు పోయును.

ఆ చిక్కు విప్పువారు సాధారణముగా తెలియకయే మూడు ప్రశ్నలు వేసికొందురు. కంప్యూటరు నుండి ప్రింటరునకు దారి ఉన్నదా? దారి యున్నచో, అడుగువాడెవడో ప్రింటరు కాచుకొన్న కంప్యూటరునకు నమ్మకము కలిగినదా? నమ్మకము కుదిరినచో, పంపిన పుట ప్రింటరునకు తెలిసిన భాషలో ఉన్నదా? దారి, గుర్తింపు, భాష: ప్రతి దోషమును ఈ మూడింటిలో ఏదో ఒక దానికి చెందినదే. అంతకంటె ముఖ్యమైన సంగతి యేమన, ప్రతి దోషమునకు ఒక పుట్టిన సంవత్సరము కలదు. ఆ సంవత్సరము నెరిగినవానికి మందు వెదకుట సులభము. ఎరుగనివాడు డ్రైవరును తీసివేయుట, మరల వేయుట అను క్రియనే జపమువలె సాగించుచుండును. కావున చరిత్రజ్ఞానము ఈ వృత్తికి అలంకారము కాదు, పనిముట్టు.

మొదట దారి సంగతి. 1980 దశకారంభమున కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమువారి యూనిక్సులో ఎల్పీడీ అను పద్ధతి యేర్పడినది. అచ్చునకు వచ్చిన పనులను వరుసలో నిలిపి ఒక్కొక్కటిగా ప్రింటరునకు అందించుట దాని విధి. దాని మర్యాద (ప్రోటోకాలు) 1990లో బహిరంగ పత్రముగా వెలువడినది. అంతలో 1983లో ఐబీఎం సంస్థలో బ్యారీ ఫైగెన్‌బామ్ మరియొక మర్యాదను, అనగా ఎస్ఎంబీని, రూపొందించెను. మైక్రోసాఫ్టు దానిని చేపట్టి విండోస్‌కు ఫైళ్లు, ప్రింటర్లు పంచుకొను ఆధారముగా చేసికొన్నది. పూర్వము వాడి నుండి వికారాబాదు మీదుగా వచ్చిన పెద్దపట్టాల బండి సరుకు, మన్మాడు వైపు సాగవలసినచో సికింద్రాబాదులో దింపి మీటరుగేజి పెట్టెలలోనికి మార్చవలసి యుండెను; అట్లే యూనిక్సు కుటుంబమునకును, విండోస్ కుటుంబమునకును నడుమ సరుకు మార్చు కూలి యొకడు కావలసివచ్చెను. కాన్‌బెరాలోని ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నుండిన ఆండ్రూ ట్రిడ్జెల్ ఆ భారము నెత్తుకొన్నాడు. తీగమీద రెండు యంత్రములు పంపుకొను మాటలను పొంచి విని, వాని అర్థము నూహించి, 1992 ఆరంభమున ఆయన వెలువరించిన ప్రోగ్రామే తరువాత సాంబా అను పేర ప్రపంచమంతట వ్యాపించినది. నేడు ఉబుంటు యంత్రము విండోస్ ప్రింటరును పలుకరించుచున్నదన్న, అది ఆ విద్యార్థి ఓపికకు ఫలము.

దారిలో తరచుగా తటస్థించు దోషము మిక్కిలి చిన్నది. కరెంటు పోయి వచ్చినంతనే రౌటరు కంప్యూటర్లకు చిరునామాలు క్రొత్తగా పంచిపెట్టును. నిన్న 192.168.1.5గా నున్న యంత్రము నేడు 192.168.1.8గా మారును, తక్కినవి మాత్రము పాత తలుపునే తట్టుచుండును. ప్రింటరున్న కంప్యూటరునకు మారని చిరునామాను రౌటరులోనే కేటాయించినచో ఈ పీడ శాశ్వతముగా వదలును. తెలిసిన పనివాడు మొదట ఆ చిరునామాకు పింగ్ కొట్టి చూచి, సమాధానము వచ్చిన పిమ్మటనే డ్రైవరు ప్రసక్తి తెచ్చును.

రెండవది గుర్తింపు. ఎస్ఎంబీ తొలిరూపము పరస్పర విశ్వాసముగల చిన్న కార్యాలయములకై పుట్టినది. 2017 మే మాసమున వానాక్రై అను దుష్టప్రోగ్రాము ఆ తొలిరూపములోని లోపమును పట్టుకొని ప్రపంచమున లక్షల కంప్యూటర్లను బంధించినది. ఆ సంవత్సరపు శరత్కాలమున వెలువడిన విండోస్ 10 నూతన స్థాపనలలో ఎస్ఎంబీ మొదటి రూపము సహజముగా అమర్చబడి యుండలేదు. ఎక్స్‌పీకి తెలిసినది ఆ తొలిరూప మొక్కటే! నిన్నటివరకు కలిసిమెలిసి నడచిన యంత్రములు ఒకదాని కొకటి కనబడకుండ పోవుటకు కారణ మిదియే. 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అను పేర అచ్చు పనులను వరుసలో నిలుపు విండోస్ ప్రింట్ స్పూలరులో మరియొక పెద్ద లోపము బయటపడినది. ఆ యేడే స్పూలరు భద్రతకై వచ్చిన మరమ్మతులతో షేరు చేసిన ప్రింటరును కలుపబోగా 0x0000011b అను సంఖ్యతో తిరస్కారము వచ్చుట మొదలైనది. రెండు వైపుల యంత్రములకును తగిన అప్‌డేట్లు లేనపుడు ఒకటి కోరు రక్షణను మరియొకటి ఈయజాలకుండుటయే దాని తాత్పర్యము. పెక్కుమంది రిజిస్ట్రీలో ఒక అంకెను సున్నగా మార్చి ఆ రక్షణనే తీసివేసిరి. తాళము బిగుసుకొన్నదని తలుపునే ఊడదీయుట యుక్తము కాదు. పౌరుల ఆధారు ప్రతులు, పట్టాదారు పాసుపుస్తకముల నకళ్లు నిలువయుండు దుకాణములలో అది బొత్తిగా కూడని పని. రెండు వైపుల అప్‌డేట్లు పూర్తిచేసి, ప్రింటరున్న కంప్యూటరులో ఒక ప్రత్యేక ఖాతాను, దానికి సంకేతపదమును ఏర్పరచి, ఆ పేరుతోనే తక్కినవానిని ప్రవేశపెట్టుట సవ్యమైన మార్గము. పాత ఎక్స్‌పీ యంత్రమును అంతర్జాలమునుండి వేరుచేసి, అందలి పనిని పీడీఎఫ్‌గా పెన్‌డ్రైవులో తెచ్చుకొనుట అన్నిటికంటె క్షేమకరము.

మూడవది భాష, ఇదియే మిక్కిలి రసవత్తరమైన భాగము. 1984లో అడోబ్ సంస్థ పోస్ట్‌స్క్రిప్టు అను పుటవర్ణన భాషను వెలువరించగా, 1985లో ఆపిల్ వారి లేజర్‌రైటరు దానిని నేర్చి వచ్చినది. అట్టి ప్రింటరునకు స్వంత బుద్ధి యుండును, వెలయు నుండును. మన ఊళ్ల దుకాణములకు చేరిన చౌక ప్రింటర్లు ఆ బుద్ధిని కంప్యూటరునకే వదలివేసినవి. పుటను చుక్కచుక్కగా కూర్చి యీయవలసినది డ్రైవరే. అందులో హెచ్‌పీ 1020 మరింత విచిత్రము: మీట వేసిన ప్రతిసారియు దానిలోనికి ఫర్మ్‌వేరును కంప్యూటరు దింపవలయును, లినక్సు యంత్రమునకు ఆ సంగతి తెలియనిచో ప్రింటరు మౌనముద్ర వహించును. సాదా అక్షరములను అచ్చువేయగల ఇతర ప్రింటర్లలో ఒక్కొక్కప్పుడు ఇందుకు విపరీతముగా, శాతపు గుర్తు, ఆశ్చర్యార్థకము మొదలుగాగల ఇంగ్లీషు పంక్తులు పుటలకు పుటలు వెలువడును. అనుభవజ్ఞుడు ఆ కాగితమును చూచినంతనే దారియు, గుర్తింపును సవ్యముగ నున్నవనియు, పంపిన పోస్ట్‌స్క్రిప్టును తర్జుమా చేయువాడు నడుమ లేడనియు గ్రహించును. చెడిన కాగితమే ఇచ్చట రోగనిదానము చెప్పుచున్నది.

తెలుగువారికి ఈ భాషాదోషము రెండింతలు. ‘అను’ వంటి పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరముల సంకేతములకు తెలుగు రూపములను తొడిగినవి. ఆ ఫాంటు లేని యంత్రమున అదే దస్తావేజు తెరచినచో పొలము సరిహద్దులకు మారుగా అర్థరహితములగు ఇంగ్లీషు అక్షరములు అచ్చువడును. 1991లో వెలువడిన యూనికోడు తొలి సంపుటిలోనే తెలుగునకు స్థానము లభించినది. 2001లో ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినది. అయినను వృత్తిలో పాత అలవాటు చిరకాలము నిలిచినది. ఫాంటును తనలో ఇముడ్చుకొని పోవు పీడీఎఫ్‌ను చేసి పంపుటయే దీనికి మందు.

ఈ భాషాభేదమును తొలగించు ప్రయత్నము కూడ పాతదే. 1997లో మైకేల్ స్వీట్ ఆరంభించిన కప్స్ యూనిక్సు, లినక్సు యంత్రములకు అచ్చు వ్యవస్థయైనది. 2002లో ఆపిల్ దానిని తన మ్యాకులలో స్వీకరించినది. దాని కాధారమైన ఐపీపీ అను బహిరంగ మర్యాద 1999లో ప్రకటితమైనది. 2010లో ఎయిర్‌ప్రింటు, 2013లో ఐపీపీ ఎవ్రీవేర్ వచ్చిన పిమ్మట ప్రింటరు తన శక్తులను తానే చెప్పుకొనుట, ప్రత్యేకపు డ్రైవరు లేకయే ఏ వ్యవస్థకైనను అచ్చు తీసి యిచ్చుట సాధ్యమైనవి. 2023లో మైక్రోసాఫ్టు సైతము తయారీదారుల ప్రత్యేక డ్రైవర్లను క్రమముగా విడనాడెదనని ప్రకటించినది.

కావున వికారాబాదు, తాండూరు, పరిగి, కొడంగలులలో క్రొత్త ప్రింటరు కొనబోవు కార్యాలయాధికారులకును, దుకాణదారులకును నేను మనవి చేయునది స్పష్టము: వెల కొంత హెచ్చైనను నెట్‌వర్కు తీగ తగిలించుకొనుటకు వీలున్నదియు, ఐపీపీ తెలిసినదియు అయిన దానినే కొనుడు, అపుడు ఎవరి కంప్యూటరు ఏ వ్యవస్థ దైనను పేచీ యుండదు. పాతవానితో గడుపవలసినవారు దోషము కనబడిన తేదీని, దాని కారణమును, చేసిన చికిత్సను తెలుగులో ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. పట్వారీ పహాణీ లేక పొలము చరిత్ర తెలియనట్లే, అట్టి వ్రాత లేక ఈ వృత్తి చరిత్రయు నిలువదు. బర్క్‌లీలోను, కాన్‌బెరాలోను తమ శ్రమఫలమును బహిరంగపరచినవారి వలననే ఇన్ని యంత్రములు నేడు ఒక ప్రింటరు చుట్టు చేరగలుగుచున్నవి; తనకు తెలిసినది తరువాతివానికి వ్రాసి యిచ్చుటయే వారి ఋణము తీర్చుకొను విధానము.