సైబరాబాద్ అంచున కూరగాయల సాగు: పంటల వరుస చరిత్ర

కుతుబ్‌షాహీల నాటి నుంచి నిజాం పాలన చివరి దాకా హైదరాబాద్‌కు కూరగాయలు పట్నం చుట్టుపక్కల బావుల కింద, చెరువుల కింద పండేవి. 1964లో రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చాక భాగ్యమతి, శ్యామల వంటి మేలైన వంగ రకాలు రైతులకు అందాయి.

ఈ ప్రాంత సాగును మలుపు తిప్పింది మాత్రం 1996-99 మధ్య కాలమే. హైదరాబాద్ తాగునీటి జంట జలాశయాల రక్షణకు 1996 మార్చి 8న వెలువడిన 111 జీవో 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలను నియంత్రించింది. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలయ్యాయి. సైబరాబాద్‌గా మారిన మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి పొలాలు లేఅవుట్లయ్యాయి. గండిపేట దాటాక మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు మాత్రం 111 జీవో ఆంక్షల మధ్య సాగు మిగిలింది. చేవెళ్ల క్యారెట్‌కు పేరొచ్చింది.

రైతు బజారులో తానే కూర్చుని అమ్మే రైతుకు ఒక్క పంటతో పని జరగదు. రోజూ నాలుగు రకాలు గంపకెత్తాలి. అందుకే మెంతి, కొత్తిమీర మడులను ఒకేసారి కాక వారం పది రోజుల తేడాతో చల్లుతారు. రాతి కడీల పందిళ్లకు బీర, కాకర పాకిస్తారు.

పంట మార్పిడి ఇందులో ప్రాణం. టమాటా, వంగ, మిరప ఒకే కుటుంబానివి. ఒకదాని వెంట ఒకటి వేస్తే ఎండు తెగులు, నులిపురుగులు నేలలో పెరిగిపోతాయి. మధ్యలో మొక్కజొన్న వేస్తే ఎండు తెగులు గొలుసు తెగుతుంది. 16 వరుసల టమాటాకు ఒక వరుస బంతి వేయడం శాస్త్రవేత్తల చక్కని సిఫారసు: కాయతొలుచు పురుగు బంతి పూల మీదే ఎక్కువగా గుడ్లు పెడుతుంది. అందుకు 25 రోజుల టమాటా నారుతోపాటు 45 రోజుల బంతి నారు నాటాలి, అప్పుడే రెండూ ఒకేసారి పూతకొస్తాయి.

2014 తర్వాత తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీ ఇవ్వడంతో పాలీహౌస్‌లు లేచి, క్యాప్సికం సాగు పెరిగింది. ఏటా అదే పంట పడే ఆ నేలలో నులిపురుగుల బెడద మరింత తీవ్రం.

2022 ఏప్రిల్‌లో వచ్చిన 69 జీవో 111 జీవో కింది 84 గ్రామాల మీది ఆంక్షలను ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్ల రూపాయలు పలికింది. భూమి ధర ఇలా పెరుగుతున్నచోట సాగుకు భరోసా తగ్గుతుంది. పందిరి పెట్టుబడి తిరిగి రావాలన్నా, పంట మార్పిడి ఫలితం చూడాలన్నా కొన్నేళ్లు పడుతుంది. వచ్చే ఏడు భూమి చేతిలో ఉంటుందో లేదో తెలియని కౌలు రైతుకు నెల రోజుల ఆకుకూరే దిక్కు.