గంటకూలి గురువు

మెట్‌పల్లి ఖద్దరునకు పేరొందిన యూరు. మగ్గమెక్కుటకు ముందే నూలు వడుకుట, పడుగు సవరించుట కలవని అచ్చటి బాలురకును దెలియును. కళాశాలలలో మాత్రము అతిథి అధ్యాపకునకు పాఠము చెప్పిన గంటకే వెల కట్టుదురు. యూజీసీ యను విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2010లో పాఠమునకు 1,000 రూపాయలు, నెలకు 25,000 హద్దుగా నిర్ణయించెను. 2019లో వానిని 1,500, 50,000 గావించెను. 34వ పాఠముతోనే ఆ హద్దు తీరును. ఇంట చదివిన రాత్రులు, దిద్దిన వ్యాసములు ఏ లెక్కలోను జేరవు.

తెలంగాణమున 2023 ఏప్రిల్ 30న 5,544 మంది ఒప్పందపు ఉద్యోగులను స్థిరపఱచుచు ఉత్తర్వు వెలువడెను. అందు పెక్కురు అధ్యాపకులే. అతిథి అధ్యాపకుల కా భాగ్యము లేదు.

నష్టము గురువునకే కాదు. గంట మ్రోగగనే వేఱొక కళాశాలకు పరుగిడువానిని శిష్యుడు సందేహ మెప్పు డడుగును? బిడ్డను కళాశాలలో జేర్చునపుడు భవనమును జూచి తృప్తి పడక, అచ్చట నిలిచియుండు గురువు లెందఱని విచారించుట మన విధి.