కూలి ఎవరి చేతికి చేరింది?
చెత్త పరిశ్రమలో దాస్యపు నూతన రూపం

దాస్యవిమోచన చరిత్రలో బ్రిటన్‌కు ప్రత్యేక స్థానముంది. ఆ దేశపు పార్లమెంటు 1807లో బానిసల వర్తకాన్ని నిషేధించింది. 1833లో బానిసత్వాన్నే రద్దుచేస్తూ శాసనం చేసింది. ఆ సందర్భంలో రెండు కోట్ల పౌన్ల నష్టపరిహారం మంజూరైంది. అయితే ఆ సొమ్ము ముట్టింది యజమానులకే. తరతరాలు చాకిరీ చేసిన బానిసలకు అందులో చిల్లిగవ్వ కూడా దక్కలేదు. పైగా ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలకు ఆ శాసనం వర్తించలేదు. బానిసపై యజమానికి గల హక్కును మన దేశపు న్యాయస్థానాలు గుర్తించరాదన్న చట్టం 1843లో గాని రాలేదు.

బానిసత్వం రద్దయినా చెరకు తోటలకు కూలీల అవసరం తీరలేదు. మారిషస్ తోటల యజమానులు 1830లలోనే భారతదేశం నుంచి ఒప్పందపు కూలీలను రప్పించుకోసాగారు. గోదావరీ తీరంలోని కోరంగి రేవు పేరు మీదుగానే అక్కడి తెలుగువారికి ‘కోరంగీలు’ అన్న పేరు వచ్చింది. చట్టం దృష్టిలో వీరు బానిసలు కారు. ఒప్పందానికి సమ్మతించిన స్వతంత్రులు. కాని ఒప్పందంలో ఏముందో చదువుకోలేనివాడికి, దాన్ని చదివి చెప్పే మేస్త్రీ మాటే శాసనం. బానిసను కొనేవాడు తెరమరుగై, కూలీలను సమకూర్చేవాడు ముందుకు వచ్చాడు. నేటి దాస్యాన్ని అర్థం చేసుకోవడానికి ఈ మార్పే కీలకం.

బర్మింగ్‌హాం పరిసరాల్లో

రెండు శతాబ్దాల తర్వాత అదే బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడండి. 2012 – 2017 మధ్య ఒక ముఠా పోలెండు నుంచి నాలుగు వందల మందికి పైగా అభాగ్యులను ఇంగ్లండులోని వెస్ట్ మిడ్‌లాండ్స్ ప్రాంతానికి తరలించింది. వారిలో ఇల్లూ వాకిలీ లేనివారు, జైలు నుంచి విడుదలైనవారు, మద్యానికి బానిసలైనవారు అనేకులు. మంచి జీతం ఇప్పిస్తామని నమ్మబలికి, పాడుబడ్డ ఇళ్లలో కుక్కి, పొలాలకూ కోళ్ల కర్మాగారాలకూ చెత్త వేరుచేసే కేంద్రాలకూ పంపారు. కూలీల పేరిట బ్యాంకు ఖాతాలు తెరిచినవారూ, వాటిలోని జీతాన్ని కాజేసినవారూ ముఠా మనుషులే. రోజంతా శ్రమించినవాడికి దక్కింది నామమాత్రపు చిల్లర. 2015లో ఇద్దరు తప్పించుకుని ఒక స్వచ్ఛంద సంస్థకు తమ గోడు చెప్పుకోవడంతో గుట్టు రట్టయింది. ‘ఆపరేషన్ ఫోర్ట్’ పేరిట పోలీసులు జరిపిన దర్యాప్తు ఫలితంగా ఎనిమిది మందికి శిక్షపడిన సంగతి 2019లో వెల్లడైంది.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. ఆ కూలీలు పనిచేసింది చీకటి కొట్టాల్లో కాదు, చట్టబద్ధమైన సంస్థల్లో. చెత్త సేకరణను పురపాలక సంఘం ఒక కంపెనీకి గుత్తకిస్తుంది. కంపెనీ తనకు కావలసిన మనుషులను కూలీల ఏజెన్సీ ద్వారా తెచ్చుకుంటుంది. కదిలే పట్టీ మీద నుంచి కాగితం, డబ్బా, ప్లాస్టిక్ చేత్తో ఏరే పనికి భాష రానవసరం లేదు. ఏరేవాడి పేరు కూడా ఎవరూ అడగరు. కంపెనీ ఏజెన్సీకి కూలి చెల్లించింది, ఏజెన్సీ ఖాతాలో జమ చేసింది. కాగితాల మీద లెక్క సరిపోయింది. కూలి మాత్రం కూలివాడికి చేరలేదు.

చట్టం చూసినవీ, విడిచినవీ

2004 ఫిబ్రవరిలో మోర్‌కాంబ్ అఖాతంలో సముద్రపు గుల్లలు ఏరుతున్న చైనా కూలీలు ఇరవై మందికి పైగా పోటులో మునిగి చనిపోయారు. ఆ ఏడే కూలీలను సరఫరా చేసేవారికి లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. అది వ్యవసాయానికీ, గుల్లల సేకరణకూ, ఆహార పదార్థాల తయారీకీ వర్తించింది గాని, చెత్త పరిశ్రమను అందులో చేర్చలేదు. 2015 నాటి నూతన దాస్య నిరోధక చట్టం 54వ సెక్షన్ ప్రకారం, 3 కోట్ల 60 లక్షల పౌన్లు, అంతకు మించి వార్షిక టర్నోవర్ గల ప్రతి సంస్థా తన సరఫరా గొలుసులో దాస్యం లేకుండా తీసుకున్న చర్యలను ఏటా ప్రకటించాలి. ఏ చర్యా తీసుకోలేదని ప్రకటించినా ఆ సెక్షన్‌ను పాటించినట్టే! ప్రకటన ఇవ్వని సంస్థకు జరిమానా కూడా ఆ చట్టంలో లేదు.

ధర్మశాస్త్ర దృష్టి

ఇస్లామీ ధర్మశాస్త్రంలో కూలి ఒప్పందాన్ని ‘ఇజారా’ అంటారు. పని ఏమిటో, కూలి ఎంతో ఉభయులకూ స్పష్టంగా తెలిసివుండాలన్నది దాని మౌలిక నియమం. ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాదిగా నిలిచే ముగ్గురిని గురించి సహీహ్ బుఖారీలో ఒక హదీసు ఉంది. వారిలో ఒకడు స్వతంత్రుణ్ణి అమ్మి ఆ సొమ్ము తిన్నవాడు; మరొకడు పూర్తిగా పని చేయించుకుని కూలి ఇవ్వనివాడు. ఈ ఇద్దరినీ ఒకేచోట పేర్కొనడంలోని ఔచిత్యం బర్మింగ్‌హాం ఉదంతం చూస్తే బోధపడుతుంది. అక్కడ మొదటి నేరం రెండవ నేరం ద్వారానే జరిగింది. అయితే ముస్లిం రాజ్యాలు కూడా బానిసత్వాన్ని వదులుకోవడంలో ఎంతో జాప్యం చేశాయని ఒప్పుకోక తప్పదు. ట్యునీసియా 1846లో రద్దు చేస్తే, సౌదీ అరేబియా 1962 వరకు, మారిటానియా 1981 వరకు ఆగాయి. మారిటానియాలో దాన్ని శిక్షార్హమైన నేరంగా ప్రకటించింది 2007లో గాని కాదు.

కాబట్టి చెత్త కంపెనీ చేయవలసిన పరీక్ష క్లిష్టమైనదేమీ కాదు. పది మంది కూలీలకు ఒకే చిరునామా, ఒకే ఫోను నంబరు ఎందుకున్నాయి? జీతం పడే ఖాతా ఎవరి అధీనంలో ఉంది? గుర్తింపు పత్రాలు ఎవరి దగ్గరున్నాయి? పని ఇప్పించినందుకు ఎవరికైనా బాకీపడ్డాడా? ఈ ప్రశ్నలు అడగవలసింది ఏజెన్సీని కాదు, కూలివాణ్ణి. అడగవలసింది అతని భాషలో, మేస్త్రీ పక్కన లేనప్పుడు. అన్నిటికంటే తక్కువ ధర పలికినవాడికే గుత్త కట్టబెట్టే పురపాలక సంఘం, ఆ తగ్గింపు ఎవరి కూలి నుంచి వస్తున్నదో విచారించాలి. 1833లో పరిహారం ఎవరికి ముట్టిందని చరిత్రకారులు అడుగుతున్నారు. నేటి కూలి విషయంలో ఆ ప్రశ్న అడగవలసింది దాన్ని చెల్లించేవాడే.