క్యోటో వర్తకుల ఇళ్లలో అంగణపు తోటలు

ఉద్యానకళా చరిత్రలు ఎక్కువగా రాజులు వేయించిన విశాల వనాలను వర్ణిస్తాయి గాని, నేటి ఇరుకు నగరాలలో చిన్న జాగాలకు తోటలు రూపొందించేవారికి అంతకంటె దగ్గరి పూర్వరూపం జపాన్‌లోని క్యోటో వర్తకుల ఇళ్లలో కనిపిస్తుంది. అక్కడ రెండు తతామి చాపల వైశాల్యాన్ని, అంటే సుమారు 3.3 చదరపు మీటర్లను, త్సుబో అంటారు. ఇంటి నడుమ అలాంటి కొద్దిపాటి జాగాలో ఒదిగే తోటే త్సుబోనివా.

ఈ తోట వర్తకుని ఇంట చేరడానికి వేడుక కంటె అవసరమే ముందు కారణం. మాచియా అనే ఆ ఇళ్లు వీధివైపు ఇరుకుగా, లోపలికి బాగా పొడవుగా ఉండి, ముందు అంగడి, దాని వెనుక నివాసం, చివర సరుకుల కొట్టుగా సాగేవి. రెండు పక్కలా పొరుగిళ్లు ఆనుకొని ఉండడం వల్ల, మన మండువా లోగిలిలో వలెనే, నడిమి గదులకు వెలుతురు రావాలంటే ఇంటి మధ్య ఆకాశానికి చోటు విడవక తప్పేది కాదు. కొండల నడుమ ఉన్న క్యోటోలో వేసవి ఉక్క తీవ్రం. పెరటి తోట ఎండకు వేడెక్కి అక్కడి గాలి పైకి లేచినప్పుడు, నీడలో చల్లబడిన నడిమి అంగణం నుంచి గాలి గదుల గుండా అటు కదులుతుంది. రాళ్లపై నీళ్లు చల్లితే ఆ చల్లదనం మరింత హెచ్చుతుంది.

రూపం మాత్రం తేనీటి సంప్రదాయం ఇచ్చినది. సెన్ నో రిక్యూ (1522–1591) తీర్చిదిద్దిన తేనీటి ఆచారంలో అతిథిని కుటీరానికి చేర్చే బాటను రోజి అంటారు. ఆ బాటలోని అడుగురాళ్లు, వంగి చేతులు కడుక్కునే రాతితొట్టి, రాతిదీపం వర్తకుల అంగణాలలోకి వచ్చాయి. నాచు, ఫెర్న్ వంటి నీడమొక్కలే అక్కడ బతుకుతాయి గనుక, జెన్ ధ్యానానికి ఆపాదించే ఆ నిరాడంబరతలో ఎండ కొరతకూ గణనీయమైన వాటా ఉన్నదని చెప్పాలి.

రాతిదీపాన్ని మాత్రమే అనుకరించే ఆధునిక తోటలలో ఈ గాలీ వెలుతుర్ల లెక్క లోపిస్తుంది. దానిని నిజంగా అందుకున్నది, చిత్రంగా, మొక్కలే లేని ఒక ఇల్లు: వాస్తుశిల్పి తదావో ఆందో 1976లో ఒసాకాలోని సుమియోషిలో, సుమారు 57 చదరపు మీటర్ల స్థలంలో కట్టిన కాంక్రీటు ఇంటిని మూడు భాగాలు చేసి, నడిమి భాగాన్ని పూర్తిగా ఆకాశానికి విడిచాడు, వాన కురిసే వేళ ఒక గది నుంచి మరొక గదికి వెళ్లాలంటే గొడుగు పట్టవలసిందే.