మున్నార్: తేయాకు కొండల్లోని దర్శనీయ స్థలాల పూర్వచరిత్ర

కేరళలోని ఇడుక్కి జిల్లాలో, సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తున, ముదిరపుళ, నల్లతణ్ణి, కుండల అనే మూడు ఏర్లు కలిసేచోట వెలసిన మున్నార్‌కు వచ్చే యాత్రికులు మాట్టుపెట్టి జలాశయం, కుండల చెరువు, టాప్ స్టేషన్, రాజమల మొదలైన ప్రదేశాలను తప్పక చూసి వెళుతుంటారు. వీటన్నిటినీ ప్రకృతి ప్రసాదించిన అందాలుగా వర్ణించడం పరిపాటి. అయితే ఒక్కొక్క ప్రదేశపు పూర్వచరిత్రను పరిశీలిస్తే, వాటిలో అధికభాగం సరుకు రవాణా, విద్యుదుత్పత్తి, పశుపోషణ, వేట వంటి అవసరాల కోసం ఏర్పడి, కాలక్రమంలో దర్శనీయ స్థలాలుగా మారినవేనని తెలుస్తుంది.

తేయాకు రాకపూర్వం ఈ కొండలపై షోలా అడవులు, గడ్డి మైదానాలు కలగలిసి ఉండేవి. షోలా అంటే లోయల మడతల్లో, వాగుల వెంబడి గుబురుగా పెరిగే పొట్టి చెట్ల సతతహరితారణ్యం. దాని పైనున్న వాలులన్నీ గడ్డి భూములే. ఇక్కడి అడవుల్లో ముతువాన్ గిరిజనులు నివసించేవారు. 1877లో తిరువాన్కూరు సంస్థానంలో ఉద్యోగిగా ఉన్న జాన్ డేనియల్ మన్రో, పూంజార్ రాజకుటుంబం నుంచి కణ్ణన్ దేవన్ కొండలను కౌలుకు తీసుకోవడంతో ఈ ప్రాంతపు రూపురేఖలు మారడం మొదలైంది. 1879లో ఏర్పడిన నార్త్ ట్రావన్‌కోర్ ల్యాండ్ ప్లాంటింగ్ అండ్ అగ్రికల్చరల్ సొసైటీ సభ్యులు తొలుత కాఫీ, ఏలకులు, కిత్తనార, మలేరియాకు మందైన క్వినైన్‌ను బెరడు నుంచి ఇచ్చే సింకోనా చెట్లు వేసి చూశారు. 1880లో ఎ.హెచ్. షార్ప్ పార్వతి అనేచోట తేయాకు నాటగా, చివరికి ఆ పంటే నిలిచింది. 1897లో కణ్ణన్ దేవన్ హిల్స్ ప్రొడ్యూస్ కంపెనీ ఏర్పడిన తరువాత కొండవాలులు ఒకదాని వెంట ఒకటిగా తోటలయ్యాయి.

నేడు ఛాయాచిత్రాల్లో కనిపించే ఆ పచ్చని వాలుల తీరు కూడా శ్రమ వల్ల ఏర్పడినదే. తేయాకు స్వభావరీత్యా చెట్టుగా ఎదిగే జాతి; రెండాకులూ ఒక మొగ్గా చేతికి అందే ఎత్తులో ఉండేందుకు దానిని ఏళ్ల తరబడి కత్తిరిస్తూ నడుమెత్తు పొదగా నిలుపుతారు. పొదల మధ్య వంకర గీతల్లా కనిపించేవి ఆకు కోసేవారు నడిచే బాటలు.

టాప్ స్టేషన్ చరిత్ర వీటన్నిటిలోకీ విశేషమైనది. మున్నార్‌కు సుమారు 32 కిలోమీటర్ల దూరంలో, తమిళనాడు సరిహద్దున ఉన్న ఈ కొండకొమ్ము నుంచి తేని జిల్లా మైదానాలు కనబడతాయి. పేరులోని స్టేషన్ ఒకప్పుడు నిజంగానే రైల్వే స్టేషన్. తయారైన తేయాకును ఓడరేవుకు చేర్చడం కొండమీది తోటలకు పెద్ద సమస్య కాగా, కంపెనీ 1902లో కుండల లోయ వెంట ఒంటిపట్టా బండిని ఏర్పాటు చేసింది. బరువులో ఎక్కువ భాగాన్ని ఒకే ఇనుప పట్టా మోస్తుంటే, పక్కనున్న పెద్ద చక్రం నేలపై దొర్లుతూ బండి ఒరిగిపోకుండా కాసేది. దానిని ఎడ్లు లాగేవి. 1908లో దాని స్థానంలో ఆవిరి ఇంజన్లతో నడిచే చిన్న రైలుమార్గం వచ్చింది. రైలు తెచ్చిన పెట్టెలు టాప్ స్టేషన్ నుంచి తీగమార్గం మీద వేలాడుతూ కింద ఉన్న బాటమ్ స్టేషన్‌కు దిగి, అక్కడి నుంచి బోడినాయకనూరుకు చేరేవి. 1924 జూలైలో, కొల్లం శకం 1099లో రావడం వల్ల మలయాళీలు నేటికీ ‘తొంభై తొమ్మిది వరద’ అని పిలిచే మహోపద్రవంలో ఈ రైలుమార్గం కొట్టుకుపోయింది. మళ్లీ దానిని నిర్మించలేదు. ఎందరో యాత్రికులు సూర్యోదయం చూడటానికి వచ్చే ఆ చోట ఒక రవాణా వ్యవస్థ పూర్తిగా అంతరించిందన్న సంగతి అక్కడికి వచ్చేవారికి తెలియవలసి ఉంది.

ఇక జలాశయాల విషయానికి వస్తే, వాటికి మూలం పళ్లివాసల్. తిరువాన్కూరు సంస్థానపు తొలి జలవిద్యుత్ కేంద్రం 1940లో అక్కడ పనిచేయడం ప్రారంభించింది. ఏడాది పొడవునా దానికి నీరందించేందుకు 1946లో కుండల వద్ద కమాను ఆకారపు ఆనకట్టనూ, 1953లో మాట్టుపెట్టి ఆనకట్టనూ నిర్మించారు. కుండల ఆనకట్టకు మహారాజు తల్లి సేతు పార్వతీబాయి పేరు పెట్టారు. ఈనాడు పడవ విహారాలు జరిగే ఆ నీరు టర్బైన్ల కోసం నిలువచేసినది. మాట్టుపెట్టి కొండలపై కనిపించే పచ్చిక బయళ్లు 1963లో స్విట్జర్లాండ్ సహకారంతో మొదలైన పశుసంవర్ధన పథకానికి చెందినవి. స్థానిక ఆవులను బ్రౌన్ స్విస్ ఆంబోతులతో సంకరపరచి సునందిని అనే పాడిజాతిని రూపొందించినది ఈ పథకమే.

రాజమల ఉన్న ఇరవికుళం కథ వీటికి భిన్నం. అక్కడ జరిగినది నిర్మాణం కాదు, తాకకుండా ఉంచడం. తేయాకుకు అనువుగాని ఆ ఎత్తైన గడ్డి భూములను తోటల దొరలు వేటకు కేటాయించుకొని, 1928లో హైరేంజ్ గేమ్ ప్రిజర్వేషన్ అసోసియేషన్ అనే సంఘాన్ని నెలకొల్పి, కాపలాకు ముతువాన్లను నియమించారు. వేట కోసం చేసిన కట్టడి వల్లనే నీలగిరి తార్ అనే కొండమేక, తమిళులూ మలయాళీలూ వరయాడు అని పిలిచే జంతువు, అక్కడ బతికి బట్టకట్టిందనడం అతిశయోక్తి కాదు. 1971లో కేరళ శాసనసభ చేసిన చట్టంతో ఆ భూములు ప్రభుత్వపరమై, 1975లో అభయారణ్యంగా, 1978లో 97 చదరపు కిలోమీటర్ల జాతీయ ఉద్యానవనంగా ప్రకటితమయ్యాయి. హిమాలయాలకు దక్షిణాన దేశంలో అత్యున్నత శిఖరమైన 2,695 మీటర్ల ఆనముడి ఇందులోనిదే. తార్ ఈనే కాలంలో, అంటే సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో, సందర్శకులను అనుమతించకపోవడం ఎంతైనా సమంజసం. ఈ గడ్డి వాలుల్లోనే నీలకురింజి పొదలు మన నదీ పుష్కరాల మాదిరిగా పన్నెండేళ్లకొకసారి ఒక్కుమ్మడిగా పూస్తాయి. 2006లోనూ 2018లోనూ పూసిన వీటి రక్షణకు వట్టవడ సమీపంలో ప్రత్యేక అభయారణ్యం కూడా ఏర్పడింది.

తోటల చరిత్రను యాత్రికులకు చూపే ప్రయత్నం మాత్రం ఇటీవలిదే. నల్లతణ్ణి ఎస్టేట్‌లో తేయాకు ప్రదర్శనశాల తెరిచిన 2005లోనే తోటల యాజమాన్యం ఉద్యోగులూ కార్మికులూ వాటాదారులుగా గల కొత్త కంపెనీకి మారింది. పాత యంత్రాలకు అక్కడ చోటు దొరికింది గాని, ఈ వాలులను తీర్చిదిద్దిన మనుషుల చరిత్రకు యాత్రికుల దారిలో ఇంకా తగినంత చోటు లేదు. వారిలో అధికులు తమిళ ప్రాంతాల నుంచి మేస్త్రీల ద్వారా తరలివచ్చిన దళిత కుటుంబాలవారు. లయం అనబడే వరుస గదుల్లో తరతరాలుగా ఉంటున్నారు. 2015లో ఆకు కోసే స్త్రీలు పెంబిళై ఒరుమై పేరుతో, స్థాపిత కార్మిక సంఘాలను కూడా పక్కనపెట్టి, బోనసు కోసం మున్నార్ రహదారిని దిగ్బంధించి విజయం సాధించడంతో ఆ గదుల జీవితం తొలిసారి దేశమంతటికీ తెలిసింది. 2020 ఆగస్టు 6 రాత్రి రాజమలకు చేరువలోని పెట్టిముడి వద్ద కొండ విరిగిపడి, లయాల్లో నిద్రిస్తున్న 70 మంది మరణించారు. 2010లో కేరళలో తొలి గిరిజన పంచాయతీగా ఏర్పడిన ముతువాన్ల ఇడమలక్కుడికి దారి ఆ పెట్టిముడి మీదుగానే వెళుతుంది.